కోటిపల్లి రైలు స్టేషను – ఒక పునరుద్ధరణ చరిత్ర

 

ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహోత్సవాల సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికలో ఒక రైలు స్టేషను చరిత్రకు చోటెందుకని మీకు సందేహం కలుగవచ్చును. పైగా అది మన కృష్ణా తీరపు స్టేషను కూడా కాదు. గౌతమీ గోదావరి ఒడ్డున, కోటిపల్లి క్షేత్రంలో ఉన్న ఒక చిన్న స్టేషను. అయితే అది ఒకసారి నిర్మింపబడి, తొలగింపబడి, అరువది నాలుగు సంవత్సరాల తరువాత తిరిగి నిర్మింపబడి, మరల మూగబోయిన స్టేషను. జీర్ణోద్ధరణ అనే మాటకు అర్థమేమిటో, పునఃప్రతిష్ఠ జరిగిన మరునాటి నుండి మన బాధ్యత ఏమిటో తెలుసుకొనుటకు అంతకంటె తగిన ఉదాహరణ నాకు కనిపించలేదు. కావున కొంచెం ఓపికతో ఈ వృత్తాంతం చదువవలసినదిగా మనవి.

మన బందరు రైలు

కథను మన ఇంటి ముంగిట నుండే ఆరంభిద్దాం. బందరు ఒకప్పుడు తూర్పు తీరానికి తలమానికమైన రేవు. డచ్చివారు 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనూ, ఆంగ్లేయులు 1611లోనూ ఇక్కడకు వచ్చి వర్తకం సాగించారు. కాలక్రమంలో ఆ వైభవం తగ్గుముఖం పట్టినది. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన తుఫానులో సముద్రం పట్టణం మీద పడి సుమారు ముప్పది వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ దెబ్బ నుండి రేవు మరి తేరుకొనలేదు.

అట్టి బందరుకు 1908లో బెజవాడ నుండి గుడివాడ మీదుగా మీటరుగేజి రైలు మార్గం వచ్చినది. రైలు వచ్చిన తరువాతనైనా రేవుకు పూర్వవైభవం రాలేదు. తీరాన లోతు లేని సముద్రం, పేరుకొనే ఇసుక మేటలు పట్టాలతో తీరే సమస్యలు కావు. నూతన ఓడరేవు నిర్మాణ పనులు మొదలగుటకు 2023వ సంవత్సరం దాకా వేచి ఉండవలసి వచ్చినది.

రేవు నిద్రించినది గాని రైలు నిద్రించలేదు. ఇది గమనింపదగిన విషయం. బందరు జిల్లా కేంద్రం కావడం వలన కచేరీలకు, కోర్టులకు వచ్చే జనం ఉండేవారు. 1843లో వెలసిన నోబుల్ విద్యాసంస్థలోనూ, 1910లో నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాలలోనూ చదువుకొనే విద్యార్థులు ఉండేవారు. 1923లో ఆంధ్రా బ్యాంకు ఇక్కడే పుట్టినది. 1929లో చిలకలపూడిలో భక్త నరసింహం గారు పాండురంగస్వామి ఆలయాన్ని నిర్మించిన తరువాత కార్తీక మాసంలో వచ్చే యాత్రికులు తోడైనారు. చిలకలపూడి పేరుతో స్టేషనే ఉన్నది. ఇట్లు ఎక్కేవారు ఉన్నందున బండి నడిచినది. బండి నడిచినందున మార్గం పెరిగినది. 1928లో గుడివాడ నుండి భీమవరానికి మరొక శాఖ ఏర్పడినది. 1960ల తొలినాళ్లలో మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చినది. ఇటీవలి సంవత్సరాలలో విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, భీమవరం, నరసాపురం, నిడదవోలులను కలిపే 221 కిలోమీటర్ల మేర జంట పట్టాలు, విద్యుత్తు అమరినవి. ఏ రేవు కొరకైతే రైలును ఆశించారో ఆ రేవు లేకున్నను, జనం ఉన్నందున బందరు రైలు శతవసంతాలు దాటినది.

గుడివాడ నుండి గౌతమికి

ఇప్పుడు మీరు గుడివాడలో రైలెక్కినారనుకొనండి. కైకలూరు, ఆకివీడు, ఉండి దాటి భీమవరం చేరుదురు. ఊరి చెంతనే గునుపూడిలో సోమారామం ఉన్నది. అక్కడ నుండి పాలకొల్లు, అది క్షీరారామం. మరికొంత దూరం పోగానే నరసాపురంలో పట్టాలు ముగుస్తవి. ఎదుట వసిష్ఠ గోదావరి. ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి. నదిని దాటి, రాజోలు, అమలాపురం మీదుగా కొబ్బరితోటల నడుమ సాగిపోయి ముక్తేశ్వరం రేవుకు చేరితే, ఎదుట గౌతమి. ఆ గౌతమికి ఆవలి ఒడ్డునే కోటిపల్లి.

కోటిపల్లిలో వెలసినది శ్రీ ఛాయా సోమేశ్వరస్వామి. శాపవశమున కాంతిని కోల్పోయిన చంద్రుడు ఇక్కడ గౌతమిలో స్నానమాడి, శివలింగాన్ని ప్రతిష్ఠించి, తన ఛాయను తిరిగి పొందినాడని స్థలపురాణం. పోయిన వెలుగు తిరిగి వచ్చిన క్షేత్రమది. ఇక్కడ నుండి కొద్ది దూరంలోనే ద్రాక్షారామ భీమేశ్వరుడు ఉన్నాడు. పంచారామాలలో ద్రాక్షారామం ఒకటని మీకు చెప్పవలసిన పని లేదు.

ఈ కోటిపల్లి నుండి ద్రాక్షారామం, రామచంద్రపురం, కరప మీదుగా కాకినాడకు పోయే 45 కిలోమీటర్ల రైలు మార్గం కథే ఈ వ్యాసానికి విషయం.

ఒక పుష్కర కాలపు ఆయుర్దాయం

కాకినాడ – కోటిపల్లి రైలు మార్గం 1928లో ఏర్పడినది. అనగా మన గుడివాడ – భీమవరం మార్గానికి అది సరిగా ఒక ఈడుది. ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత గోదావరి డెల్టా ధాన్యాగారమైనది. మన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియై కృష్ణా డెల్టాకు చేసిన మేలు వంటిదే అదియును. పండిన పంటను కాలువలలో పడవలు మోసేవి. ఆ పడవలకు తోడుగా పట్టాలు వచ్చినవి. గౌతమి ఒడ్డు దాకా వచ్చి ఆగిన ఆ మార్గానికి కోటిపల్లి కొసన ఉన్న స్టేషను. కోనసీమ వాసి ముక్తేశ్వరంలో పడవ ఎక్కి నది దాటితే, ఇక్కడ రైలెక్కి కాకినాడ పోవచ్చును. అట్లే కాకినాడ వైపు భక్తుడు రైలులో వచ్చి ద్రాక్షారామంలో భీమేశ్వరుని దర్శించి, కోటిపల్లిలో గౌతమీ స్నానం చేసి, సోమేశ్వరుని సేవించుకొని పోవచ్చును.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైనది. యుద్ధానికి ఇనుము కావలెను. భారతదేశం నుండి పట్టాలు, ఇంజన్లు, పెట్టెలు పశ్చిమాసియా యుద్ధరంగాలకు తరలినవి. ఆదాయం తక్కువగా ఉన్న శాఖా మార్గాలు కొన్ని అందుకు బలియైనవి. 1940లో కాకినాడ – కోటిపల్లి మార్గపు పట్టాలను ఊడదీసినారు. 1928 నుండి 1940 దాకా పన్నెండేండ్లు. గోదావరి వాసుల లెక్కలో ఒక పుష్కర కాలం. ఆ స్టేషను తొలి ఆయుర్దాయం అంతే.

యుద్ధం 1945లో ముగిసినది. స్వాతంత్ర్యం 1947లో వచ్చినది. రైలు కంపెనీలు పోయి 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినవి. కోటిపల్లికి మాత్రం పట్టాలు తిరిగి రాలేదు.

విక్రమ నుండి విక్రమకు

1940 ఉగాదితో మొదలైనది విక్రమ నామ సంవత్సరం. అరువది సంవత్సరాల చక్రం పూర్తిగా తిరిగి 2000వ సంవత్సరం ఉగాదికి అదే విక్రమ మరల వచ్చినది. ఆ 2000–01 సంవత్సరంలోనే కోటిపల్లి నుండి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల నూతన మార్గం మంజూరైనది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ అనే మూడు పాయలపై మూడు వంతెనలు కట్టి, అమలాపురం, రాజోలుల మీదుగా కోనసీమకు రైలు తేవలెనని సంకల్పం. దానికి ముందుగా కాకినాడ – కోటిపల్లి పాత మార్గాన్ని పునరుద్ధరించవలసి ఉన్నది.

ఈ సంకల్పానికి పాటుపడినవారిలో ప్రముఖులు నాటి లోక్‌సభ సభాపతి, అమలాపురం సభ్యులు శ్రీ జి.ఎం.సి. బాలయోగి గారు. వారు 2002 మార్చి 3వ తేదీన హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. ఆ దుర్ఘటన జరిగినది మన సీమలోనే, నాటి కృష్ణా జిల్లా కైకలూరు ప్రాంతంలోని కొవ్వాడలంక వద్ద. తాను కోరిన రైలును చూచుటకు ఆయన లేరు. 2004లో కాకినాడ – కోటిపల్లి మార్గం పునర్నిర్మితమై బండి నడిచినది. అరువది నాలుగేండ్ల తరువాత కోటిపల్లి స్టేషనులో బండి ఆగినది.

అది చిన్న రైలుబస్సు. పొలాల నడుమ, కాలువల పక్కన మెల్లగా సాగే ఆ బండిలో ప్రయాణం ముచ్చటైనదే. కానీ ముచ్చట వేరు, అవసరం వేరు. రోజులో అది వచ్చే పర్యాయాలు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవి. ఎక్కేవారు తక్కువ. 2020 మార్చిలో కరోనా మహమ్మారి వలన దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచినవి. తరువాత దేశంలోని బండ్లు ఒక్కొక్కటిగా పట్టాలెక్కినవి. మన బందరు బండ్లు తిరిగి వచ్చినవి. కోటిపల్లి రైలుబస్సు మాత్రం తిరిగి రాలేదు. ఏండ్ల తరబడి ఆ స్టేషను బండి కూత వినలేదు. మొదటిసారి పట్టాలు పోయినందున బండి ఆగినది. రెండవసారి పట్టాలు ఉండగనే బండి ఆగినది.

ఎందువలన?

పాఠకులారా! ఇక్కడ ఎవరినో నిందించుటకు తొందరపడవలదు. కారణాలను నిదానంగా పరిశీలింతము.

మొదటి కారణం, మార్గం నది ఒడ్డున ఆగిపోవుట. కోటిపల్లి మార్గానికి సార్థకత గౌతమిని దాటినప్పుడే. ఈవలి ఒడ్డు దాకా వచ్చి ఆగిన రైలు, ముఖమండపం కట్టి గర్భాలయం కట్టని గుడి వంటిది. 2000–01లో మంజూరైన వంతెనలు, మార్గం నిధుల కొరతతో, భూసేకరణ చిక్కులతో రెండు దశాబ్దాలు దాటినను పూర్తి కాలేదు.

రెండవ కారణం, జనం అలవాటు మారిపోవుట. అరువది నాలుగేండ్లు రైలు లేదు. ఆ కాలంలో రోడ్లు వచ్చినవి, బస్సులు వచ్చినవి, తరువాత ఆటోలు వచ్చినవి. రెండు తరాలవారు రైలు ఊసే లేకుండ పెరిగి పెద్దవారైనారు. 2002లో ఎదుర్లంక – యానాం మధ్య గౌతమిపై వారధి వచ్చినది. దానికి బాలయోగి గారి పేరే పెట్టినారు. అమలాపురం వాసి కాకినాడకు నేరుగా రోడ్డు మీద పోగలిగినాడు. రైలు తిరిగి వచ్చునప్పటికి, అది మోయవలసిన జనం రెండేండ్ల ముందే వేరొక వంతెన మీదుగా సాగిపోయినారు.

మూడవ కారణం, సేవ స్వల్పంగా ఉండుట. బండి అరుదుగా వచ్చును గనుక జనం ఎక్కరు. జనం ఎక్కరు గనుక బండిని పెంచరు. ఈ రెండింటిలో ఏది ముందు, ఏది వెనుక అని తేల్చుట విత్తు ముందా చెట్టు ముందా అన్నట్లే.

ఈ మూడు కారణాలను కలిపి చూచినప్పుడు ఒక సత్యం గోచరిస్తున్నది. పోయిన పట్టాలను డబ్బుతో తిరిగి వేయవచ్చును. పోయిన అలవాటును డబ్బుతో తిరిగి వేయలేము.

బాలాలయం చెప్పే ధర్మం

ఇచ్చట మన ఆగమ శాస్త్ర సంప్రదాయాన్ని స్మరించుకొనుట అవసరం. జీర్ణించిన ఆలయాన్ని విప్పి కట్టునప్పుడు మన పెద్దలు ఏమి చేయమన్నారు? గర్భాలయం మీద చేయి వేయుటకు ముందే కళాపకర్షణ చేసి, స్వామివారి కళలను కలశంలోనికి ఆవాహన చేసి, బాలాలయంలో నిలుపుమన్నారు. గోడలు కూల్చినను పూజ ఆగరాదు. శిఖరం దింపినను దీపం ఆరరాదు. భక్తుడు ప్రొద్దున లేచి స్వామి దర్శనానికి వచ్చే నడక తప్పరాదు. పనులు ముగిసిన తరువాత బాలాలయం నుండి స్వామి నూతన ఆలయానికి వేంచేస్తారు. భక్తుని నడక కూడా ఆయన వెంటనే వస్తుంది.

బాలాలయాన్ని మనం ఒక తాత్కాలిక పాకగా మాత్రమే చూస్తాము. నిజానికి అది అలవాటును కాపాడే ఉపాయం. కోటిపల్లికి లేకపోయినది అదే. 1940లో పట్టాలు తీసినవారు, మరల వేసే దాకా ఆ ప్రయాణపు అలవాటును కాపాడుటకు ఏ బాలాలయమూ కట్టలేదు. యుద్ధకాలంలో అది వారికి సాధ్యమూ కాదు. అందుచేత 2004లో జరిగినది నిర్మాణం మాత్రమే అయినది. ప్రాణప్రతిష్ఠ మిగిలిపోయినది.

ఇది మన కథ కూడా

ఇప్పుడు మన ఆలయం వద్దకు వద్దాం. మీరు ఉదారంగా ఇచ్చిన విరాళాలతో గోపురం లేచినది. కొత్త ధ్వజస్తంభం నిలిచినది. అష్టబంధనం, కుంభాభిషేకం అను మాటలు వినని పిల్లలు కూడా ఈ దినాలలో వానిని కన్నులారా చూస్తున్నారు. దేశాంతరాలలో ఉన్న మన బిడ్డలు సెలవు పెట్టుకొని, రైళ్లలో, విమానాలలో వచ్చినారు. ఊరు నిండినది. ఇది మహాభాగ్యం.

ఉత్సవాలు ముగియగానే వచ్చినవారు తమ తమ ఉద్యోగాలకు మరలిపోక తప్పదు. ఊరిలో మిగిలేవారు కొద్దిమంది, అందులోనూ పెద్దవారు. మండల దీక్ష నలువది దినాలు నడుస్తుంది. నలువది ఒకటవ దినం ఉదయం ఏమి జరుగునన్నదే అసలు ప్రశ్న. అర్చకస్వామి తలుపు తీసి సుప్రభాతం పాడునప్పుడు మండపంలో ఎవరుందురు? వర్షాకాలపు సాయంత్రం గర్భగుడిలో దీపానికి నూనె ఎవరు తెత్తురు? అర్చకుని ఇల్లు ఎట్లు గడుచును? శిలాఫలకంపై మన పేర్లు చెక్కించుకొన్నాము. ఆ ఫలకం చదువుటకు ఎవరైనా గుడికి రావలెను గదా!

ఊరి ఆలయాలు శిథిలమైనది గోడలు బలహీనమైనందున కాదు. ముందు రాకపోకలు తగ్గినవి, తరువాత దీపం తగ్గినది, ఆ తరువాతనే గోడలో రావి మొక్క మొలిచినది. గోడను బాగుచేసి రాకపోకలను మరచితే మొక్క తిరిగి మొలుస్తుంది. కోటిపల్లి స్టేషను మనకు చెప్పే మాట ఇదే.

కావున దాతలకు నా విన్నపం ఒకటి. మీ విరాళంలో కొంత రాతికి కాక దీపానికి కేటాయించండి. నిత్యార్చనకు, అర్చకుని భృతికి, ఏడాదికి ఒక దినం నైవేద్యానికి మీ పేర శాశ్వత నిధి ఏర్పరచండి. ధనం ఇవ్వలేనివారు కాలం ఇవ్వండి. వారానికి ఒక సాయంత్రం పిల్లలను వెంటబెట్టుకొని గుడికి రండి. దూరాన ఉన్నవారు సంవత్సరంలో ఒక పండుగను ఇక్కడ జరుపుకొనే నియమం పెట్టుకొనండి. ఎక్కేవారుంటేనే బండి నడుస్తుంది.

దివిసీమ సోదరులకు ఒక మాట

దివిసీమ నుండి వచ్చిన భక్తులు ఈ వ్యాసాన్ని మరింత ఆసక్తితో చదువుదురని తలచుచున్నాను. మీ సీమకు రైలు లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలాదిమందిని తీసుకొనిపోయినప్పుడు, తెగిన రోడ్ల మీదుగానే సహాయం మీకు చేరవలసి వచ్చినది. మచిలీపట్నం నుండి రేపల్లెకు రైలు మార్గం వేయవలెనని దశాబ్దాలుగా మీరు కోరుచున్నారు. ఆ కోరిక న్యాయమైనది. అది నెరవేరవలెనని ప్రార్థిస్తున్నాను. నెరవేరిన దినాన కోటిపల్లిని ఒకసారి తలచుకొనండి. మార్గం నది ఒడ్డున ఆగిపోకుండ ఆవలి ఒడ్డు దాకా సాగునట్లు పట్టుపట్టండి. బండ్లు తగినన్ని నడుపునట్లు అడగండి. అన్నిటికంటె ముఖ్యంగా, వచ్చిన బండిని ఎక్కండి.

ఆశ

కోటిపల్లి కథ ఇంతటితో ముగియలేదు. గౌతమిలో వంతెన స్తంభాలు లేచినవి. ఆ వంతెనలు పూర్తియై నరసాపురంతో కలిసిన దినాన, కోటిపల్లి కొసన ఉండే స్టేషను కాదు, నడిమి స్టేషను అవుతుంది. మన గుడివాడ భక్తుడు భీమవరంలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం దర్శించి, కోనసీమ మీదుగా గౌతమిని దాటి ద్రాక్షారామం చేరి, కాకినాడ మీదుగా సామర్లకోటలో కుమారారామం సేవించుకొనవచ్చును. పంచారామాలలో నాలుగింటిని ఒకే పట్టాల దారి కలుపుతుంది. ఆ దినం వచ్చునప్పుడు కోటిపల్లికి జరిగేది మూడవ ప్రతిష్ఠ. దానికి ప్రాణం నిలుచునో లేదో నిర్ణయించేది ఇంజనీర్లు కాదు, ఆ మార్గాన నడిచే జనమే.

ఛాయను కోల్పోయిన చంద్రునికి కాంతి తిరిగి వచ్చిన క్షేత్రమది. ఆ స్టేషనుకూ వెలుగు తిరిగి రావలెనని, మన ఆలయంలో నేడు వెలిగిన దీపం మన మనుమల కాలంలోనూ వెలుగుచుండవలెనని ఆ సోమేశ్వరుని వేడుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.

శుభం భూయాత్.